పాత విమానమా? కొత్త విమానమా?

రామచంద్రపురము ధాన్యపు ఊరు. సార్వా మాసూళ్ళకు ముందు ఇచ్చటి మిల్లు యజమానుల యిండ్లలో ప్రతి యేటా ఒక చర్చ జరుగును. ఉన్న యంత్రమునకే మరమ్మతు చేయించి ఈ యేడు కూడ గడపుదుమా, లేక బ్యాంకు అప్పుతో కొత్తది తెచ్చి నిలబెట్టుదుమా? పాతదైతే అప్పు లేదు, వడ్డీ లేదు; కాని కరెంటు ఎక్కువ కాలును, నూక ఎక్కువ పడును, పని ముమ్మరముగా ఉన్న వేళ బెల్టు తెగి కూర్చుండును. కొత్తదైతే నూక తగ్గును, కరెంటు కలిసివచ్చును. కాని ధాన్యము రాని నెలలలో సైతము వాయిదా కట్టవలసినదే. చిన్ననాటినుండి ఈ చర్చను వినుచు పెరిగిన మాకు, విమానయాన సంస్థల జమాఖర్చులను గురించి చదువ మొదలిడినప్పుడు, ఇది మనమెరిగిన కథయే గదా అనిపించినది.

విమానములతో మనకేమి పని యని కొందరు మిత్రులు అడుగవచ్చును. గోదావరి జిల్లాలలో కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయికో వెళ్ళినవారు లేని వీధి అరుదు. వారు సెలవుపై వచ్చునప్పుడు ఎక్కు విమానము, హజ్ యాత్రికులు ఎక్కు విమానము, మన మధురపూడి విమానాశ్రయములో దిగు విమానము – వీటి విషయమై ఇంటింటా వినవచ్చు మాట యొకటి కలదు: ‘‘అది పాత విమానమట, జాగ్రత్త!’’ ఈ భయములో నిజమెంత? పాతదానిని ఉంచుకొనుట సంస్థకు పిసినారితనమా, తెలివియా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన తెలుగునాట ఈ సమస్య చాల పాతది. 1945లో నిజాము ప్రభుత్వము, టాటా ఎయిర్‌లైన్సు భాగస్వామ్యమున హైదరాబాదులో ‘దక్కన్ ఎయిర్‌వేస్’ అను సంస్థ ఏర్పడినది. 1946లో బేగంపేట నుండి దాని విమానములు ఎగురసాగినవి. మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ నగరములతో హైదరాబాదును కలిపినవి. భారతదేశమున వాణిజ్య విమానమును నడిపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్ పనిచేసినది ఈ సంస్థలోనే. దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలు. రెండవ ప్రపంచయుద్ధము ముగియగానే అమెరికా సైన్యమునకు అక్కరలేని డకోటాలు మన దేశములో కుప్పలుగా మిగిలిపోయినవి. అవి చౌకగా దొరికినవి. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారములో అట్టి విమానములను విప్పి, శుభ్రపరచి, సైనికుల బల్లలు తీసివేసి ప్రయాణికుల కుర్చీలు బిగించి ఇచ్చెడివారు. యుద్ధానంతరము మన దేశములో విమాన సంస్థలు పుట్టగొడుగులవలె లేచుటకు ఈ చౌక డకోటాలే ప్రధాన కారణము. అంతమందికి పని లేదని, సంస్థలు దేశపు అవసరమునకు మించినవని, 1950లో న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము తేల్చినది.

1953లో జాతీయకరణ జరిగి దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా దేశీయ సంస్థలన్నియు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనవి. ఆ ఆగస్టు నెలలో కొత్త కార్పొరేషనుకు సంక్రమించిన విమానములు 99. అందులో 74 డకోటాలే! ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆ డకోటాలు తయారై అప్పటికి పదేండ్లు కూడ గట్టిగా కాలేదు. కాని వాటి నమూనా మొదట గాలిలోనికి లేచినది 1935 డిసెంబరులో. అనగా వాటి శరీరము ముసలిది కాదు, రూపకల్పన ముసలిది. విమానమును ‘పాతది’ అనునప్పుడు ఈ రెండింటిలో దేనిని ఉద్దేశించుచున్నామో ముందు తేల్చుకొనవలెను. నమూనా పాతదైనచో పెట్రోలు ఎక్కువ కాలును, వేగము తక్కువ, ప్రయాణికునకు సుఖము తక్కువ. శరీరము పాతదైనచో సమస్య వేరు. అది లోహమునకు సంబంధించినది. భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ భాగమును కొంచెము శ్రద్ధగా చదువ ప్రార్థన.

డకోటా పదివేల అడుగులకు లోబడి ఎగురు విమానము. దాని లోపలి గాలి, బయటి గాలి ఒకటే. నేటి జెట్ విమానము ముప్పదియైదు వేల అడుగుల ఎత్తున పోవును. అచ్చట గాలి ఒత్తిడి నేలమీది దానిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే. మనిషి అచ్చట ఊపిరి తీయజాలడు గనుక లోపల గాలిని నింపి ఒత్తిడిని నిలుపుదురు. అప్పుడు విమానపు దేహము ఊదిన బుడగవలె బిగిసియుండును. దిగగానే సడలును. మరల ఎక్కగానే బిగియును. కమ్మరి కొలిమితిత్తి ఉబ్బుట, తగ్గుటవంటిదే ఇది. ఒక ఇనుప తీగను ఒకేసారి వంచిన విరుగదు. పలుమారులు ఇటునటు వంచిన పుటుక్కున తెగును. విమానపు రేకు కూడ అంతే. ఈ లక్షణమునే లోహపు అలసట యందురు. 1954లో బ్రిటిషువారి కామెట్ జెట్ విమానములు రెండు కొద్ది నెలల వ్యవధిలో మధ్యధరా సముద్రముపై గాలిలోనే చీలిపోయినప్పుడు ప్రపంచమునకు ఈ పాఠము బోధపడినది. అవి సర్వీసులోనికి వచ్చి రెండేండ్లే! ఫార్న్‌బరోలోని పరిశోధకులు మొత్తము విమానదేహమును నీటి తొట్టెలో ముంచి, లోపలి ఒత్తిడిని వేలసార్లు పెంచి తగ్గించి చూచిరి. పగులు ఒక రంధ్రపు మూలనుండి మొదలైనట్లు తేలినది.

కాబట్టి విమానపు వయస్సును ఏండ్లలో చెప్పుట సగము మాటయే. ఎన్నిసార్లు ఎగిరి దిగినది అనునది అసలు లెక్క. ఒక ఉదాహరణము చూడుడు. హైదరాబాదు నుండి రాజమండ్రి వంటి గంట ప్రయాణపు ఊళ్ళకు తిరుగు విమానము రోజునకు ఎనిమిది మార్లు ఎగిరి దిగినదనుకొందము; ఏడాదికి సుమారు 2,900 మార్లు. ఖండాంతరములకు పోవు పెద్ద విమానము రోజునకు రెండు మార్లకు మించి దిగదు, ఏడాదికి 730. పదేండ్ల తరువాత మొదటిది 29,000 మార్లు ఉబ్బి తగ్గియుండును, రెండవది 7,300 మార్లే. పుట్టిన తేదీ ఒకటే, వయస్సు మాత్రము నాలుగింతల తేడా! 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా సంస్థ బోయింగ్ 737 విమానమునకు ఇరువదినాలుగు వేల అడుగుల ఎత్తున పైకప్పు ఊడిపోయినది. విమానపరిచారిక ఒకామె ప్రాణము కోల్పోయినది. మిగిలినవారితో పైలట్లు దానిని ఎట్లో నేలకు దింపిరి. ఆ విమానపు వయస్సు 19 ఏండ్లు. కాని దీవికి దీవికి మధ్య తిరుగుచు అది 89,680 మార్లు ఎగిరినది. పైగా అది నిత్యము సముద్రపు గాలిలో ఉండెడిది. ఉప్పుగాలికి ఇనుప గేటు ఏమగునో కాకినాడలో చుట్టములున్న వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ ప్రమాదము తరువాత పాత విమానముల తనిఖీ నియమములు ప్రపంచమంతట కఠినమైనవి. నేడు ప్రతి విమానమునకు చిన్న తనిఖీలు, పెద్ద తనిఖీలు వరుసగా నిర్ణయింపబడియున్నవి. వాటిలో పెద్దది సుమారు ఆరేండ్లనుండి పదేండ్లకొకసారి వచ్చును. అప్పుడు విమానమును షెడ్డులోనికి చేర్చి, కుర్చీలు, అరలు, నేలపలకలు అన్నియు ఊడదీసి, ఎముకల గూడువలె చేసి, ప్రతి కీలును, ప్రతి కుట్టును పరీక్షింతురు. కంటికి కనబడని పగుళ్ళను కూడ సాధనములతో వెదకుదురు. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఈ పని ఇప్పుడు మన శంషాబాదులో కూడ జరుగుచున్నది. రంగు వేసి, కొత్త కుర్చీలు బిగించి బయటకు వచ్చిన ఆ విమానమును చూచి అది పాతదని సామాన్యుడు పోల్చలేడు. అది సరిగా చూడబడినంత కాలము ముప్పదియేండ్లు పనిచేసినను వింత లేదు. కాని మొదటి పెద్ద తనిఖీకన్న రెండవదానికి, రెండవదానికన్న మూడవదానికి ఖర్చు పెరుగును. వయస్సు పెరిగినకొలది విప్పిన చోటనెల్ల ఏదో ఒకటి బయటపడుచుండును. పాత ఇంటికి సున్నము వేయబోయి గోడ కట్టుకొన్నవారికి ఈ అనుభవము తెలియును.

ఇక జమాఖర్చులకు వత్తము. ‘జమ’, ‘ఖర్చు’, ‘మరమ్మతు’, ‘కిరాయి’, ‘వసూలు’, ‘బాకీ’ – మన వ్యాపారపు మాటలలో ఎన్ని ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చి మనవైపోయినవో చూడుడు! మా కళాశాలలో ఉర్దూ మిత్రులు, తెలుగు మిత్రులు ఒకే బెంచీపై కూర్చుండి లెక్కలు వేయునప్పుడు నిఘంటువుతో పని పడదు. ఈ వ్యాసమంతయు నిజమునకు రెండు మాటలమీదనే నడుచుచున్నది. కొత్తదానికి కిరాయి ఎక్కువ, పాతదానికి మరమ్మతు ఎక్కువ.

ఊహకు ఒక లెక్క వేయుదము. అంకెలు మేము కల్పించుకొన్నవే, పద్ధతి తెలియుటకు మాత్రమే. కొత్త విమానపు నెలకిరాయి 3 కోట్లు, పాతదానిది 1 కోటి 25 లక్షలు అనుకొందము. తేడా 1 కోటి 75 లక్షలు. పాతది నెలకు 8 కోట్ల ఇంధనము తాగుచున్నది. కొత్తది అందులో నూటికి 15 వంతులు ఆదా చేయును. ఇది ఊహ కాదు. ఎయిర్‌బస్ 320 నమూనాకు కొత్త ఇంజనులు బిగించి ‘నియో’ అను పేర తెచ్చినప్పుడు తయారీదారులు ముందుంచిన ఆదా ఇంచుమించు ఇంతే. అనగా నెలకు 1 కోటి 20 లక్షలు. పాతదానికి అదనపు మరమ్మతు నెలకు 40 లక్షలు వేసికొన్నను, కొత్తదానివలన కలిసివచ్చునది 1 కోటి 60 లక్షలే. కిరాయి తేడా అంతకన్న ఎక్కువ. కాబట్టి పాతదే మేలు! ఇప్పుడు చమురు ధర సగమునకు సగము పెరిగినదనుకొనుడు. పాతదాని ఇంధనపు ఖర్చు 12 కోట్లగును. కొత్తదాని ఆదా 1 కోటి 80 లక్షలు, మరమ్మతుతో కలిపి 2 కోట్ల 20 లక్షలు. తక్కెడ తిరుగబడినది; కొత్తదే మేలు. విమానము మారలేదు, పైలట్ మారలేదు, ప్రయాణికులు మారలేదు. ఎక్కడో చమురు ధర మారినది, అంతే. భారతీయ సంస్థల ఖర్చులో ఇంధనమే మూడవ వంతునకు పైబడియుండును గనుక, ఈ తక్కెడ మన దేశములో మరింత సున్నితమైనది.

ఇందులో దాగిన ఇంకొక సంగతి కలదు. పై లెక్క విమానము రోజంతా తిరుగునను ఊహపై వేసినది. అదే విమానము సగము గంటలే తిరిగినచో ఇంధనపు ఆదా సగమగును. కిరాయి మాత్రము తగ్గదు. మన ప్రాంతపు వరికోత యంత్రములను తలచుకొనుడు. సార్వాకు కొన్ని దినములు, దాళ్వాకు కొన్ని దినములు, ఆపైన షెడ్డులో నిద్ర. సొంత పొలమునకు మాత్రమే వాడుకొను రైతు పాత యంత్రమును కొనుట తెలివి. జిల్లాలు దాటి, కోతలు ఎచ్చట మొదలైన అచ్చటికి లారీపై ఎక్కించుకొని తిరుగువాడు కొత్తది కొనుట తెలివి. విమాన సంస్థలలోను ఇట్లే. రోజునకు పన్నెండు, పదమూడు గంటలు ఎగురవేయువారు కొత్తవి కొందురు. రాత్రివేళ ఒకటి రెండు మార్లు సరకు మోయువారు పాతవి వాడుదురు. 1949 నుండి నాగపూరు కేంద్రముగా నడిచిన రాత్రి తపాలాకు డకోటాలు చాలినవి. 2023 జనవరిలో హైదరాబాదునుండి అమెజాన్ సంస్థ మొదలుపెట్టిన సరకుల సర్వీసుకు వాడిన బోయింగులు కూడ ప్రయాణికుల విమానములుగా పుట్టి, కుర్చీలు తీసివేయించుకొని సరకు విమానములుగా మారినవే. అమెరికాలో డెల్టా సంస్థ ఈ సూత్రమును బాగుగ గ్రహించినది. డి.సి.9 అను వెనుకటి తరపు జెట్ విమానములను అది 2014 జనవరి వరకు నడిపినది. వాటిమీద అప్పు లేదు. అట్లాంటాలో సొంత మరమ్మతు కర్మాగారము కలదు. ప్రయాణికులు లేని రోజున విమానమును నేలపై నిలిపినను వడ్డీ పెరుగదు. ఈ ధీమా కొత్తది కొన్నవానికి ఉండదు.

మరి ప్రాణభయము మాట యేమి? ఇచ్చట మన దేశములోని రెండు దుర్ఘటనలను పక్కపక్కన ఉంచి చూడవలెను. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989లో అప్పటికి ప్రపంచములోనే సరికొత్తవైన ఎయిర్‌బస్ 320 విమానములను ప్రవేశపెట్టినది. 1990 ఫిబ్రవరి 14న వాటిలో ఒకటి, సంస్థలో చేరి కొద్ది మాసములైనా కానిది, బెంగుళూరులో దిగబోవుచు రన్‌వేకు ముందే నేలను తాకి కూలినది. అందున్న 146 మందిలో 92 మంది మరణించిరి. వెంటనే ఆ జాతి విమానములనన్నింటిని నేలపై నిలిపివేసిరి. అంత సొమ్ము పోసి తెచ్చిన కొత్త విమానములు కొన్ని మాసములు కదలక నిలిచియుండగా, ప్రయాణికులను మోసినవి పాత బోయింగులు, వాటికన్న పెద్దవైన పాత ఎయిర్‌బస్సులు. పదేండ్ల తరువాత, 2000 జూలై 17న, అలయన్స్ ఎయిర్ సంస్థ బోయింగ్ 737 పాట్నాలో ఇండ్లపై కూలి 60 మంది మరణించిరి. అది ఇరువదియేండ్ల విమానము. దేశమంతట ‘ముసలి విమానము’ అను కేక లేచినది. కాని విచారణలో తేలినదేమి? రెండు సందర్భములలోను వేలు చూపినది ప్రధానముగా పైలట్లు నడిపిన తీరు వైపే. మొదటిదానిలో కొత్తదనము కాపాడలేదు, రెండవదానిలో పాతదనము చంపలేదు.

అయినను ప్రజల భయము వట్టి మూఢత్వమని మేము అనము. పాత విమానమును ఉంచుకొనుటకు కారణములు రెండు విధములు. ఒకరు మరమ్మతునకు కావలసినంత సొమ్మును ముందుగనే పక్కన పెట్టుకొని, లెక్క చూచుకొని ఉంచుకొందురు. మరొకరు కొత్తది కొనుటకు చేతిలో చిల్లిగవ్వ లేక ఉంచుకొందురు. రెండవవారికి మరమ్మతు సొమ్మునకు కూడ కటకటయే. ఒక విమానము నుండి భాగము ఊడదీసి మరొకదానికి బిగించుట, జీతములు ఆలస్యమగుట, విడిభాగముల వర్తకులకు బాకీలు పేరుకొనుట – అసలు భయపడవలసిన గుర్తులివి. సంస్థ విమానముల సగటు వయస్సును అడుగువారు, ఆ సంస్థ అప్పుల పట్టీని కూడ అడుగవలెను. కొత్త విమానములున్నంతమాత్రమున సంస్థ గట్టిదని కాదు. కింగ్‌ఫిషర్ సంస్థ మిలమిలలాడు విమానములతో ఎగిరి, అప్పుల భారముతో 2012లో మూతబడినది.

విమానములన్నియు సంస్థల సొంతములనుకొనుట కూడ పొరపాటు. నేడు మన దేశములో ఎగురువాటిలో అధికభాగము కిరాయివే. ఇండిగో సంస్థ ఈ విద్యలో ఆరితేరినది. ఒక్క విమానమైన ఎగురకముందే, 2005లో, అది ఏకముగా 100 ఎయిర్‌బస్సులకు ఆర్డరిచ్చినది. గుత్తగా కొన్నవానికి ధర తగ్గును. విమానము చేతికి రాగానే దానిని లీజు కంపెనీకి అమ్మివేయును. దానినే మరల కిరాయికి తీసికొనును. సుమారు ఆరేండ్లు నడిపి, పెద్ద తనిఖీ ఖర్చు మీద పడకముందే తిరిగి అప్పగించును. ఆ ఆరేండ్లు తయారీదారుని గ్యారంటీ అండగా ఉండును. పట్నపు ఇంటిలో సున్నము వెలియకముందే మరొక కొత్త ఇంటికి మారు కిరాయిదారు వలె అన్నమాట! 2023 జూన్‌లో ఆ సంస్థయే మరి 500 విమానములకు ఆర్డరిచ్చినది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో, టాటాల చేతికి 2022 జనవరిలో తిరిగి వచ్చిన ఎయిర్ ఇండియా 470 విమానములు కొనుచున్నట్లు ప్రకటించినది. వీటిలో 250 ఎయిర్‌బస్, 220 బోయింగ్.

ఇన్ని కొత్తవి వచ్చుచుండగా పాతవాటికి కాలము చెల్లినట్లే గదా యని తోచును. జరిగినది వేరు. నియో విమానములకు బిగించిన ప్రాట్ అండ్ విట్నీ ఇంజనులలోని కొన్ని భాగములకు వాడిన లోహచూర్ణములో కల్తీ ఉన్నదని 2023 జూలైలో బయటపడినది. ఇంజనులను దింపి, విప్పి, పరీక్షింపవలసి వచ్చినది. షెడ్డులలో చోటు లేదు, మార్పిడి ఇంజనులు లేవు. 2024 తొలి మాసములలో ఇండిగో విమానములు డెబ్బదికి పైగా నేలపట్టున నిలిచిపోయినవి. అంతకు ముందే, 2023 మే నెలలో, గో ఫస్ట్ సంస్థ ఈ జాతి ఇంజనుల కొరతనే కారణముగా చూపి తలుపులు మూసినది. అప్పుడు ఇండిగో చేసినదేమనగా, తిరిగి అప్పగింపదలచిన పాత నమూనా ఎయిర్‌బస్సుల కిరాయి గడువును పొడిగించినది. పరాయి సంస్థల విమానములను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చినది. కొత్తవాటి కిరాయి కట్టుచునే పాతవాటిపై ఎగురవలసి వచ్చినది. ఎయిర్ ఇండియాకును కొత్తవి అనుకొన్నంత త్వరగా అందలేదు. ఉన్న పాత విమానములకు కొత్త కుర్చీలు, కొత్త లోపలి అలంకరణ చేయించు పని 2024లో మొదలుపెట్టినది. అంగడిలో కొత్త సరకు దొరకనప్పుడు పాతదాని విలువ పెరుగును. అర్థశాస్త్రపు మొదటి తరగతిలో మనకు చెప్పు పాఠమే ఇది.

చివరగా మన మధురపూడి మాట. ఆర్.టి.సి.లో బస్సు జీవితము ఎట్లుండునో ఈ ఊరి డిపోకు పోయి చూచినవారికి తెలియును. కొత్తగా వచ్చినప్పుడు హైదరాబాదు మార్గములో తిరుగును, కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట ఎక్స్‌ప్రెస్ అగును, ఆ పిమ్మట రంగు మార్చుకొని పల్లెవెలుగు అగును. విమానములకును ఇదే వరుస. 1957లో వైకౌంట్ విమానములు వచ్చినప్పుడు అవి మహానగరముల మధ్య తిరిగినవి. డకోటాలు చిన్న ఊళ్ళకు జరిగినవి. 1981లో చిన్న పట్టణముల కొరకు ‘వాయుదూత్’ సంస్థను స్థాపించినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాడి విడిచిన విమానములు దాని వాటాకు వచ్చినవి. తోడుగా కొత్తగా కొన్న చిన్న డోర్నియర్లు చేరినవి. రాజమండ్రికి వచ్చిపోయెడి వాయుదూత్ విమానము 1980 దశాబ్దిలో మన పెద్దలకు ఒక వినోదము. నష్టములతో ఆ సంస్థ 1993లో విలీనమైపోయినది.

తరువాత వచ్చినవారు భిన్నమార్గములను తొక్కిరి. హైదరాబాదు కేంద్రముగా 2015 జూలైలో మొదలైన ట్రూజెట్ అప్పటికే వాడుకలో ఉన్న ఎ.టి.ఆర్.72-500 విమానములను కిరాయికి తెచ్చినది. 2017 డిసెంబరులో ఇండిగో అదే హైదరాబాదునుండి సరికొత్త ఎ.టి.ఆర్.72-600 విమానములను నడుపసాగినది. ఈ రెండు సంస్థలును రాజమండ్రికి వచ్చినవే. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయినది, ఇండిగో నిలిచినది. దీనిని చూచి కొత్తది గెలిచినది, పాతది ఓడినది అని తీర్మానించుట తొందరపాటగును. ఒకటి చేతిలో సొమ్మున్న పెద్ద సంస్థ, మరొకటి కోవిడ్ కాలపు దెబ్బను తట్టుకొనలేని చిన్న సంస్థ. ఓటమి విమానములది కాదని మా అభిప్రాయము.

ఇండిగో ఎ.టి.ఆర్.లో 78 కుర్చీలు ఉండుట చూచి ఈ అంకె ఏమిటని మేము మొదట ఆశ్చర్యపడితిమి. అంతకు ముందు హైదరాబాదు కేంద్రముగా తిరిగిన స్పైస్‌జెట్ వారి చిన్న బొంబార్డియర్ విమానములోను కుర్చీలు 78. కారణము ప్రభుత్వ నియమము. 80 కుర్చీలకు లోబడిన దేశీయ విమానము దిగినప్పుడు దిగుబడి రుసుము ఉండదు. రుసుము తప్పించుకొనుటకు వీలుగా కుర్చీలను లెక్కించి బిగించిరన్నమాట. విమానము కొత్తదా, పాతదా, పెద్దదా, చిన్నదా యని నిర్ణయించునది కేవలము ఇంజనీరు కాదు; గుమాస్తా కూడ.

రన్‌వే కూడ ఒక చేయి వేయును. మధురపూడిలో రన్‌వే సుమారు 1,750 మీటర్లు ఉన్నన్నాళ్ళు ఇచ్చటికి చిన్న విమానములే వచ్చినవి. తరువాత దానిని 3,165 మీటర్లకు పొడిగించిరి. 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీ నగరములకు ఎయిర్‌బస్ సర్వీసులు మొదలైనవి. ఎ.టి.ఆర్.లో 78 మంది కూర్చుండు చోట ఎయిర్‌బస్ 320లో 186 మంది పట్టుదురు. ఇండిగో వంటి సంస్థ ప్రతి ఉదయము చూచునది ఆ 186లో ఎన్ని నిండినవని. నిండినంత కాలము పెద్దది వచ్చును. నిండనినాడు, దాని వయస్సు ఆరు నెలలైనను, అరువది మాసములైనను, దానిని జనమున్న మరొక ఊరికి పంపి, ఇచ్చటికి మరల 78 కుర్చీల బండినే పంపుదురు.